ప్రింటర్ హెల్ప్‌లైన్ పేరుతో 5,498 రూపాయలు పోగొట్టుకున్నాను, మీరు జాగ్రత్త

ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఈమధ్య ఇంటర్నెట్ కనెక్షన్ మార్చినవాళ్లు ఇది ఒకసారి చదవండి. నేనేమీ కంప్యూటర్ తెలియనిదాన్ని కాదు. విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర పదకొండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. రోజంతా ఎక్సెల్, ట్యాలీలతోనే గడుస్తుంది. అయినా పోయాయి.

మే నెలలో మా అమ్మాయికి ఎంసెట్. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు గానీ మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే. మర్నాడు పొద్దున సెషన్. రాత్రి తొమ్మిదిన్నరకు హాల్ టికెట్ ప్రింట్ తీద్దామని కూర్చుంటే ప్రింటర్ 'ఆఫ్‌లైన్' అని చూపించింది. ఆపి మళ్లీ వేశాను. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను. కదలదు. వీధి చివర జిరాక్స్ షాపులో పది రూపాయలతో అయిపోయే పని. కానీ అది అప్పటికే మూసేశారు, పొద్దున తొమ్మిదికి గానీ తీయరు. ఆ టెన్షన్‌లో గూగుల్‌లో మా ప్రింటర్ కంపెనీ పేరు కొట్టి, పక్కన 'ఆఫ్‌లైన్ సెటప్' అని కొట్టాను.

అన్నిటికంటే పైన వచ్చినదాన్ని నొక్కాను. అది ప్రకటన. పక్కన చిన్న అక్షరాల్లో స్పాన్సర్డ్ అని ఉంటుంది, ఆ టైములో ఎవరు చూస్తారు? కంపెనీ లోగో, ప్రింటర్ బొమ్మ అన్నీ ఉన్నాయి. మోడల్ నంబర్ అడిగింది, ఇచ్చాను. 'డ్రైవర్ ఇన్‌స్టాల్ అవుతోంది' అంటూ ఆకుపచ్చ గీత మొదలైంది. తొంభై శాతం దాకా చక్కగా వెళ్లి ఆగిపోయి, ఎర్ర డబ్బా ఒకటి వచ్చింది: ఇన్‌స్టాల్ ఫెయిల్ అయింది, ఈ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. నిజానికి అక్కడ ఏదీ ఇన్‌స్టాల్ కాలేదు. అదొక బొమ్మ. ఏ మోడల్ నంబర్ ఇచ్చినా, చివరికి మన ఫోన్ నంబర్ కొట్టినా, ఆ గీత తొంభై దగ్గరే ఆగుతుంది. ఇది తర్వాత మా ఆడపడుచు కొడుకు చేసి చూపించాడు.

ఫోన్ చేస్తే ముందు హిందీ. తర్వాత 'తెలుగు ఎగ్జిక్యూటివ్‌కి కలుపుతున్నాం' అన్నారు. "నమస్కారమండీ మేడమ్, పాపకి ఎగ్జామా, ఏం టెన్షన్ పడకండి, పది నిమిషాల్లో చేసేద్దాం" అన్నాడు ఆ అబ్బాయి. ఎంత మర్యాదో! సగం అక్కడే పడిపోయాను. ల్యాప్‌టాప్‌లో ఒక యాప్ వేయించి, అందులో కనిపించే తొమ్మిది అంకెల నంబర్ చెప్పమన్నాడు. చెప్పగానే నా మౌస్ దానంతట అదే కదలడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ప్రింటర్ సంగతి పక్కకు పోయింది. ముందు ఈవెంట్ వ్యూయర్ అనేది తెరిచాడు. వరసగా ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు, వందల్లో. "చూశారా మేడమ్, ఇవన్నీ వైరస్ ఎర్రర్లే" అన్నాడు. అది విండోస్ తనకోసం తను రాసుకునే డైరీ లాంటిది. ఏ చిన్న ప్రోగ్రామ్ ఒక క్షణం ఆలస్యంగా లేచినా అందులో రాసిపెడుతుంది. షోరూమ్ నుంచి కొత్తగా తెచ్చిన ల్యాప్‌టాప్‌లోనైనా నాలుగు రోజులకు అలాంటివి కనిపిస్తాయి. డిస్ట్రిబ్యూటెడ్‌కామ్ 10016 అనే ఎర్రర్ నా దాంట్లో చాలాసార్లు ఉంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే చెబుతుంది.

నన్ను పూర్తిగా పడగొట్టింది మాత్రం దీని తర్వాతది. నల్ల తెర ఒకటి తెరిచి ఏదో కొట్టాడు, బోలెడు లైన్లు గబగబా పరిగెత్తాయి. చివర్లో ఉన్న ఒక పొడుగాటి నంబర్ చూపించి, "ఇది మీ కంప్యూటర్ లైసెన్స్ ఐడీ మేడమ్, మా రికార్డులో ఉన్నది చదువుతాను, మీరు సరిచూసుకోండి" అన్నాడు. మూడు ఎనిమిదులు, డి, సి, ఎ, అరవై... తెర చూడకుండా చదువుతున్నట్టు మొత్తం చదివాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. నా కంప్యూటర్ నంబర్ ఇతని దగ్గర ఉందంటే ఇతను కంపెనీవాడే కదా అనుకున్నాను.

తర్వాత మా ఆడపడుచు కొడుకు వచ్చి, "అత్తా, ఇటు చూడు" అని తన ల్యాప్‌టాప్‌లో అదే తెర తెరిచి, 'అసాక్' (assoc) అనే అదే మాట కొట్టాడు. అదే నంబర్! మా ఆయన ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనూ అదే. ఫైళ్లను జిప్ ఫోల్డర్‌లోకి పంపే సౌకర్యానికి విండోస్ పెట్టుకున్న గుర్తు అది. అన్ని విండోస్ కంప్యూటర్లలోనూ ఒకటే. "మీకు రెండు చేతులున్నాయి, నాకెలా తెలుసో చూడండి" అని జాతకం చెప్పినట్టన్నమాట. ఒక్క ఈ ముక్క నాకు ముందే తెలిసి ఉంటే ఆ ఫోన్ అక్కడే పెట్టేసేదాన్ని.

ఇక డబ్బు. రిజిస్ట్రేషన్‌కి 499 కట్టించుకున్నాడు. వెంటనే, ఏడాది సపోర్ట్ ప్లాన్ తీసుకోకపోతే ప్రింటర్ చిప్ లాక్ అవుతుందని ఇంకో 4,999. ఫోన్‌పేలో కొట్టేటప్పుడు కంపెనీ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వచ్చింది. అడిగాను కూడా. "మా అకౌంట్స్ హెడ్ పేరండీ" అన్నాడు. అకౌంట్స్‌లో పనిచేసేదాన్ని, ఆ మాట నమ్మాను చూడండి! బిల్లు మెయిల్‌లో వస్తుందన్నాడు. ఇంతవరకు రాలేదు. నలభై నిమిషాలు ఏదో క్లీనింగ్ అని తిప్పి, ఇరవై నాలుగు గంటల్లో ప్రింటర్ యాక్టివేట్ అవుతుందని పెట్టేశాడు. పొద్దున ఆరింటికి కింద ఫ్లాట్ వాళ్ల తలుపు కొట్టి హాల్ టికెట్ తీసుకున్నాం.

అసలు రోగం ఏమిటంటే, అంతకు ముందు వారమే మేము ఫైబర్ కనెక్షన్ మార్చాం. కొత్త రూటర్‌తో వైఫై పేరు, పాస్‌వర్డ్ మారాయి. ప్రింటర్ పాపం ఇంకా పాత పేరు కోసమే వెతుక్కుంటోంది. పైగా మా ప్రింటర్‌కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, నేను ల్యాప్‌టాప్‌ని చూసి 5 గిగాహెర్ట్జ్ పేరు కోసం అందులో తంటాలు పడ్డాను. మావాడు 2.4 పేరుకి కలిపి, విండోస్ సర్వీసుల్లో ప్రింట్ స్పూలర్‌ని (ప్రింట్లను వరసలో పెట్టి పంపే ప్రోగ్రామ్) ఆపి, ఇరుక్కున్న పాత ప్రింట్లు తీసేసి, మళ్లీ స్టార్ట్ చేశాడు. పది నిమిషాలు, ఒక కాఫీ. అర్జెంటైతే యూఎస్‌బీ కేబుల్ పెట్టి తీసుకోవచ్చుగా అన్నాడు. ఆ కేబుల్ ప్రింటర్ డబ్బాలోనే ఉంది, కవరు కూడా విప్పలేదు. అదే డబ్బాలో ఉన్న వారంటీ కాగితం మీద కంపెనీ అసలు టోల్‌ఫ్రీ నంబర్ కూడా ఉంది.

కథ అక్కడితో అయిపోలేదు. పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్. తమ సర్వీసు ఆపేస్తున్నారట, నా డబ్బు వెనక్కి ఇస్తారట, యాప్ తెరిచి నెట్ బ్యాంకింగ్‌లో లాగిన్ అయితే చాలట. మావాడు వచ్చి ఇదంతా చూపించక ముందు సంగతి ఇది. నాకింకా వాళ్ల మీద అనుమానం పూర్తిగా రాలేదు, సిగ్గుపడుతూ చెబుతున్నాను. లాగిన్ పేజీ తెరిచేలోపు తెర మొత్తం నల్లగా అయిపోయింది. "సర్వర్ అప్‌డేట్, ఓటీపీ వస్తే చెప్పండి" అన్నాడు. డబ్బు ఇచ్చేవాడికి నా ఓటీపీ ఎందుకు? అప్పుడు వెలిగింది. వైఫై రూటర్ ప్లగ్ పీకేశాను. అటునుంచి ఆ మర్యాదంతా పోయి బూతులు మొదలయ్యాయి.

అదే రోజు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. యూపీఐ లావాదేవీ నంబర్, టైము అడుగుతారు, దగ్గర పెట్టుకుని చేయండి. డబ్బు పోయిన గంటల్లోనే చేసి ఉంటే అవతలి ఖాతాలో ఆపే అవకాశం ఉండేదని అక్కడివాళ్లు అన్నారు. పన్నెండు రోజులకు ఏం మిగులుతుంది? బ్యాంకులో అయితే, మీరే పిన్ కొట్టి పంపారు కదమ్మా అన్నారు. నిజమే, ఏమంటాం? ఇలాంటి రిమోట్ యాప్‌లతో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది కూడా.

మీలో ఎవరైనా ఇప్పటికే ఇలా ఎవరికైనా తెర ఇచ్చి ఉంటే, ఆ యాప్ కిటికీ మూసేసి ఊరుకోకండి. నా దాంట్లో వాడు వెళ్తూ వెళ్తూ ఒక పాస్‌వర్డ్ పెట్టి వెళ్లాడు. అంటే నేను ఒప్పుకోకపోయినా, ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంటే చాలు, వాడు లోపలికి రావచ్చు. ఆ పన్నెండు రోజులూ వచ్చాడో లేదో దేవుడికే తెలియాలి. అందుకే ముందు నెట్ తీసేసి, ఆ యాప్ పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చాం. ఆఫీసు క్లయింట్ల ఫైళ్లు కూడా అందులో ఉన్నాయి కాబట్టి మా ఆడిటర్ గారికి చెప్పుకోవాల్సి వచ్చింది. డబ్బు పోయిన బాధకంటే ఆ పది నిమిషాలే ఎక్కువ బాధ.

ఆ ప్రకటన మీద గూగుల్‌కి రిపోర్ట్ కొట్టాను. రెండు రోజులకు కనిపించకుండా పోయింది. ఇవాళ పొద్దున మళ్లీ వెతికి చూశాను. ఇంకో పేరుతో, అదే ప్రింటర్ బొమ్మతో, అదే ఆకుపచ్చ గీతతో అన్నిటికంటే పైనే ఉంది.