పాత కారు వైరింగ్‌కి టెస్ట్ ల్యాంపు, మల్టీమీటరు, స్కానరు: తొమ్మిదేళ్లు వాడాక

మూడూ తొమ్మిదేళ్లుగా వాడుతున్నవే. కార్లు రెండు: 2004 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 2012 మోడల్ డీజిల్ కారు. రెండూ ఒంగోలు, కొత్తపట్నం, సింగరాయకొండ మధ్య ఉప్పుగాలిలో తిరిగేవి. డ్యాష్‌బోర్డు మీద ఏ లైటు వెలిగినా అందరూ మొదట స్కానరు (ఇంజిన్ కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం) కోసం చూస్తారు. నేను మాత్రం ముందు టెస్ట్ ల్యాంపు, తర్వాత మల్టీమీటరు, చివరికి స్కానరు కొనమంటాను. సముద్రం పక్క ఊళ్లలో పాత బండికి వచ్చే లోపాల్లో ఎక్కువ భాగం ఎర్తులోనో (కరెంటు బాడీ లోహం గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగి చేరే దారి), కప్లర్‌లోనో (వైర్లని కలిపే ప్లగ్గు) ఉంటాయి. వాటిని స్కానరు చూపించదు.

టెస్ట్ ల్యాంపు కొనక్కర్లేదు కూడా. ఇండికేటర్‌కి వేసే 12 వోల్టుల 21 వాట్ల బల్బు, దానికో హోల్డరు, రెండు మీటర్ల వైరు, ఒక కొసకి మొసలి క్లిప్పు, రెండో కొసకి సూది ఉంటే చాలు. దుకాణంలో దొరికే స్క్రూడ్రైవర్ లాంటి టెస్టర్లలో చిన్న బల్బు ఉంటుంది. సప్లై ఉందా లేదా అన్నంత వరకే అది పనికొస్తుంది. 21 వాట్ల బల్బు 1.75 ఆంపియర్లు లాగుతుంది, దాని విలువంతా అక్కడే ఉంది. మల్టీమీటరు దాదాపు కరెంటే తాగదు. అందుకే కప్లర్‌లో చిలుము పట్టి అయిదు ఓముల అడ్డు పడినా మీటరు శుభ్రంగా 12.6 చూపిస్తుంది, వైరు బాగుందనుకుని మనం ముందుకు పోతాం. అదే చోట 21 వాట్ల బల్బు పెడితే వోల్టేజీలో సగం ఆ చిలుమే మింగేస్తుంది, బల్బు మిణుకుమంటుంది. లోపం కళ్లెదుటే కనబడుతుంది.

ఈ బల్బుని పెట్టకూడని చోట్లున్నాయి. పసుపు స్లీవు, పసుపు కప్లరు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి అసలు పోవద్దు. ఇంజిన్ కంప్యూటర్‌కి పోయే సెన్సర్ వైర్ల మీద కూడా ఇంత కరెంటు లాగించకూడదు, అక్కడ మల్టీమీటరే వాడాలి.

ఇక లైట్ల సంగతి. తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే బ్యాటరీ, ఆయిల్, చెక్ ఇంజిన్ లైట్లు వెలగాలి. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంటే బ్రేక్ లైటు కూడా. వెలగాల్సిన లైటు వెలగకపోవడమూ లోపమే. బ్యాటరీ లైటు విషయంలో ఇది చాలామందికి తెలియదు. పాత రకం డైనమోల్లో ఆ లైటు గుండా వచ్చే కొద్దిపాటి కరెంటుతోనే డైనమో మేలుకుంటుంది. బల్బు మాడిపోతే లైటూ వెలగదు, ఛార్జింగూ మొదలవదు, లేదా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే తప్ప మొదలవదు. మీటర్ బోర్డు అందంగా ఉండాలని లోపలి బల్బులన్నీ ఎల్ఈడీలుగా మార్చిన బండ్లలో ఇదే గొడవ. ఎల్ఈడీ గుండా డైనమోకి చాలినంత కరెంటు పోదు. మిగతావి మార్చుకున్నా ఛార్జింగ్ బల్బు మాత్రం పాత వాటేజీదే ఉంచండి.

పరీక్ష ఇలా చేయాలి. డైనమో వెనక ఉన్న సన్న వైరు ఊడదీసి, తాళం ఆన్ చేసి, ఆ వైరు కొసని ఇంజిన్ బాడీకి తాకించండి. మీటర్ బోర్డులో బ్యాటరీ లైటు వెలిగితే వైరూ బల్బూ బాగున్నట్టే, లోపం డైనమోలో ఉంది. ముందు కార్బన్ బ్రష్షులు చూడమనండి. వెలగకపోతే ఫ్యూజు, బల్బు, వైరు ఈ వరసలో వెతకాలి. లావు వైరుని మాత్రం ముట్టుకోవద్దు, అది నేరుగా బ్యాటరీ ప్లస్. ఇంజిన్ కంప్యూటరే ఛార్జింగ్ చూసుకునే కొత్త బండ్లకి ఈ పద్ధతి పనికిరాదు.

ఇంజిన్ నడుస్తూ ఉండగా బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. 14.8 దాటితే రెగ్యులేటరు పోయినట్టు, బ్యాటరీలో నీళ్లు ఉడికిపోతాయి. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే 12.6 ఉండాలి, 12 దగ్గరికి పడితే బ్యాటరీ దాదాపు ఖాళీ. లైటు పూర్తిగా ఆరకుండా మసకగా వెలుగుతుంటే వెంటనే డైనమో విప్పించకండి. హెడ్‌లైట్లు వేసి ఉంచి, మీటరు ఒక ముల్లు డైనమో లావు వైరు బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. 0.3 వోల్టు దాటితే మధ్యలోని లగ్గులో (వైరు కొసన బోల్టుకి బిగించే రింగులో) చిలుము ఉంది. డైనమో 14.3 ఇస్తున్నా బ్యాటరీకి 13.4 మాత్రమే చేరుతుంది. లగ్గు మార్చితే పోయేదానికి డైనమో మార్చేసిన బండ్లు ఎన్నో.

ఆయిల్ లైటుది వేరే సంగతి. నడుస్తుండగా వెలిగితే బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపేయాలి, వైరింగ్ ఆలోచన ఆ తర్వాతే. ఆయిల్ మట్టం సరిగ్గా ఉంటే ప్రెషర్ స్విచ్ మీది ఒంటి వైరు ఊడదీసి తాళం ఆన్ చేయండి. లైటు ఆరిపోతే వైరు బాగుంది. ఆరకపోతే ఆ వైరు ఎక్కడో ఇన్సులేషన్ ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది. వైరు బాగుంటే స్విచ్ విప్పి అక్కడ మెకానికల్ గేజీ పెట్టించి ప్రెషర్ కొలిపించాలి. కొలవకుండా స్విచ్ ఒక్కటే మార్చి తిరగడం ఇంజిన్‌తో పందెం కాయడమే. వేడెక్కాక ఐడిలింగ్‌లో మాత్రమే మిణుకుమంటుంటే పలచబడిన ఆయిల్, అరిగిన బేరింగులు కూడా కారణం కావచ్చు.

బ్రేక్ లైటుకి రెండు స్విచ్‌లు ఉంటాయి: హ్యాండ్‌బ్రేక్ కింద ఒకటి, బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఒకటి. హ్యాండ్‌బ్రేక్ దించినా ఆరకపోతే ఆయిల్ పోసేసి ఊరుకోకండి. ప్యాడ్లు అరిగినకొద్దీ డబ్బాలో మట్టం తగ్గుతుంది, ముందు ప్యాడ్లు చూడాలి. అవి బాగుంటే ఎక్కడ కారుతోందో వెతకాలి.

మన ప్రాంతంలో అసలు రోగం ఎర్తు. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా ఒడ్డున తిరిగే బండికి గాలిలోనే ఉప్పు. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవాటికి కింద నుంచి ఉప్పునీళ్లు. చీమకుర్తి వైపు గ్రానైటు దుమ్ము కప్లర్లలో చేరి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానకి తడిసి గట్టిపడుతుంది. గుర్తులు ఇలా ఉంటాయి: బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మిణుకుమంటుంది. హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు, పెట్రోల్ ముల్లు రెండూ కలిసి కదులుతాయి. ఒక ముల్లు ఒక్కటే తప్పు చూపిస్తే దాని సెన్సరు చూడాలి. రెండు ముళ్లు ఒక్కసారే తప్పాయంటే మీటర్ బోర్డు ఎర్తు, లేదా పాత బండ్లలో వాటికి సప్లై ఇచ్చే వోల్టేజీ స్టెబిలైజరు.

దీన్ని పట్టుకోవడానికి మల్టీమీటరుని మించింది లేదు. 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి, నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ముల్లు ఇంజిన్ లోహం మీద ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టు లోపల ఉండాలి. అర వోల్టు వచ్చిందంటే ఇంజిన్ ఎర్తు పోయింది. అలాగే లైట్లన్నీ వేసి బాడీ మీద చూడండి, అక్కడ 0.1 దాటకూడదు. ఓముల రేంజిలో కొలిచి లాభం లేదు. లోడు లేనప్పుడు తుప్పు కూడా సున్నాకి దగ్గరగానే కనిపిస్తుంది.

బాగుచేసేటప్పుడు బోల్టు బిగిస్తే సరిపోదు. బ్యాటరీ మైనస్ తీసి, బోల్టు విప్పి, ఎమరీ పేపరుతో పెయింటూ తుప్పూ పోయి లోహం మెరిసేదాకా గీకాలి. లగ్గు పచ్చగా మారితే కోసేసి కొత్తది ప్రెస్ చేయించాలి. పళ్ల వాషరు వేసి బిగించాక పైన వ్యాజ్‌లైన్ దట్టంగా పూయాలి. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కి 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ ఒకటి, మీటర్ బోర్డు ఎర్తు నుంచి బాడీకి 1.5 వైరు ఒకటి అదనంగా వేయించడం ఈ తొమ్మిదేళ్లలో రెండు కార్లకీ చేసిన ఖర్చుల్లో అన్నిటికన్నా ఫలితం ఇచ్చినది.

టెస్ట్ ల్యాంపుకి ఇంకో గొప్ప పని ఉంది. ఫ్యూజు వేయగానే కొట్టేస్తుంటే ఫ్యూజుల మీద ఫ్యూజులు తగలేయకుండా, ఆ ఫ్యూజు తీసి దాని రెండు కాళ్ల చోట ఈ బల్బు తగిలించండి. ముందు ఆ లైనులోని హారను, మోటారు, బల్బుల కప్లర్లన్నీ ఊడదీయాలి. షార్టు ఉంటే బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది, అంతకు మించి కరెంటు పోదు కాబట్టి వైరు కాలదు. తర్వాత హార్నెస్‌ని (వైర్ల కట్టని) అక్కడక్కడా కదిలిస్తూ, మధ్య కప్లర్లు ఒక్కొక్కటే విప్పుతూ పోవాలి. బల్బు ఆరిన చోటే షార్టు. డోరు కీలు దగ్గర మడతపడే వైర్లు, డిక్కీ మూత దగ్గరి వైర్లు, స్టీరింగ్ కింద తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టం వైర్లు ముందు చూడండి. వరి కోతలయ్యాక పొలాల పక్కన నిలిపే బండికైతే ఎలుకలు కొరికిన చోట్లు. ఫ్యూజు రంగు మార్చొద్దు: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. సిగరెట్ పెట్టె రేకు చుట్టిన ఫ్యూజు కనిపిస్తే ఆ బండిలో వైర్లు ఎక్కడో కరిగి ఉంటాయని లెక్క.

వైరు అతుకు వేసేటప్పుడు మెలేసి టేపు చుట్టించుకోకండి. మే నెల ఎండకి టేపు జిగురు కరిగి జారిపోతుంది. క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి) హీట్ ష్రింక్ స్లీవు (వేడికి ముడుచుకుని పట్టేసే గొట్టం) వేయించండి.

2021 నవంబరులో పెన్నాకి వచ్చినట్టు వరదొచ్చి బండి మునిగితే, ఎండాక తాళం పెట్టి చూద్దామనుకోవద్దు. ముందు మైనస్ తీసి, కార్పెట్ ఎత్తి, సీటు కింది కప్లర్లు విప్పి కాంటాక్ట్ క్లీనరుతో కడిగించాలి. సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు కూడా అదే కార్పెట్ ఎత్తి కప్లర్లలో పచ్చ చిలుము, ఒండ్రు ఉన్నాయేమో చూడండి.

స్కానరు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఫోనుకి కలిసే చిన్న బ్లూటూత్ రకం 2012 బండికి కనెక్ట్ అయింది, 2004 బండికి కాలేదు. మన దేశంలో కార్లకి ఓబీడీ (ఇంజిన్ కంప్యూటరే లోపాలు కనిపెట్టి కోడ్లుగా దాచే ఏర్పాటు) నిబంధన 2010 ఏప్రిల్ నుంచి మొదలై, రెండో దశ 2013లో వచ్చింది. అంతకు ముందు బండ్లలో 16 పిన్నుల సాకెట్ ఉన్నా భాష వేరుగా ఉండొచ్చు. చవక స్కానరు ఇంజిన్ కోడ్లే చదువుతుంది, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు లైట్లకి పనికిరాదు. కోడ్ రాగానే సెన్సరు కొనేయకండి. పీ0118 అంటే కూలెంట్ సెన్సర్ సిగ్నల్ ఎక్కువగా ఉందని మాత్రమే అర్థం, కప్లర్ ఊడినా అదే కోడ్ వస్తుంది. పీ0562 వస్తే వోల్టేజీ తక్కువ, మళ్లీ మల్టీమీటరే తీయాలి.

మల్టీమీటరు వెయ్యి రూపాయల లోపుదే చాలు, డీసీ 10 ఆంపియర్ల సాకెట్ ఉంటే మంచిది. బండి నిలిపితే బ్యాటరీ దిగిపోతుంటే మైనస్ కేబుల్ తీసి మీటరుని మధ్యలో పెట్టి కొలవొచ్చు. తలుపులన్నీ మూసి అరగంట ఆగాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొడితే మీటరు పోతుంది. కొలిచాక ఎర్ర వైరు వెంటనే వోల్టు సాకెట్‌లోకి మార్చేయండి. మరిచి బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టే. మీటరు లోపలి 9 వోల్టుల బ్యాటరీని కూడా గమనిస్తుండాలి. తెర మీద బ్యాటరీ గుర్తు వచ్చాక చవక మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి, ఛార్జింగే లేని బండికి 14 వోల్టులు వస్తున్నట్టు కనిపిస్తుంది.