లక్షా పాతిక వేల శిక్షణ ప్యాకేజీలో పనికొచ్చింది చివరి బెంచీ

మాది పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే దారిలో, కాలువ గట్టున ఉన్న చిన్న ప్రైవేటు బడి. నర్సరీ నుంచి ఏడో తరగతి వరకు పద్నాలుగు మంది టీచర్లు. ఇరవై రెండేళ్లు పాఠం చెప్పి, మా మామగారి తర్వాత కరస్పాండెంట్ కుర్చీలో కూర్చున్నదాన్ని. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేసే రోజులు వచ్చాయంటే నాకు రెండు భయాలు. బోరు నీళ్లు ఉప్పగా మారతాయి, టీచర్లు వెళ్లిపోతారు. 2025 వేసవిలో ఐదుగురు వెళ్లారు. సరిగ్గా ఆ వారంలోనే ఒక శిక్షణ సంస్థ ప్రతినిధి బ్రోచరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

సంస్థ పేరు రాయను. ప్రతి మే నెలలో ఇలాంటివి నాలుగైదు బడుల చుట్టూ తిరుగుతాయి, అమ్మే సరుకూ దాదాపు ఒకటే. మూడు రోజుల వర్క్‌షాపు, ఏడాదంతా వాడుకునే యాప్, రెండూ కలిపి ఎనభై ఐదు వేలు. మరో నలభై వేలు కడితే పదిహేను రోజులకోసారి అనుభవమున్న ఒకరు బడికి వచ్చి తరగతిలో కూర్చుంటారు. 'అది మీకు అక్కర్లేదు మేడమ్, పెద్ద బడులకు' అన్నాడు ఆ అబ్బాయి.

ఆ నలభై వేలు కట్టాలన్న ఆలోచన వాళ్ల బ్రోచరే ఇచ్చింది. రెండో పేజీలో లావు అక్షరాలతో, నేర్పిన దాంట్లో 95 శాతం తరగతి గదికి చేరుతుందని పరిశోధనలో తేలినట్టు రాశారు. అంకె అంత నిండుగా కనిపిస్తే నాకు అనుమానం. కొబ్బరి కాయల లెక్క దగ్గర వచ్చిన బుద్ధి. రెండు రాత్రులు కూర్చుని వెతికితే దాని మూలం దొరికింది. అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు విద్యా పరిశోధకులు 2002లో ప్రచురించిన ఒక పట్టిక అది. టీచర్లకు సిద్ధాంతం చెప్పినా, చేసి చూపించినా తరగతిలోకి వెళ్లేది సున్నా. శిక్షణలో సాధన కూడా చేయిస్తే ఐదు శాతం. ఆ తర్వాత పక్కన ఒకరు ఉండి కోచింగ్ ఇస్తే 95. పైగా అవి వాళ్ల అంచనాలే తప్ప ఒక ప్రయోగంలో కొలిచి తేల్చినవి కావు. అంచనాలుగానే తీసుకున్నా, బ్రోచరు 95ను వర్క్‌షాపు పక్కన అచ్చేసి, దాన్ని తెచ్చే సేవను మాత్రం అదనపు సరుకుగా విడిగా పెట్టింది. మన దగ్గర కోచింగ్ అంటే డీఎస్సీ కోచింగే గుర్తొస్తుంది. ఇది ఆ కోచింగ్ కాదు.

ముందు వర్క్‌షాపు సంగతి. భీమవరంలో ఏసీ హాలు. భోజనానికి నాలుగున్నర నక్షత్రాలు నిస్సంకోచంగా ఇస్తాను, గుత్తివంకాయ కూర మా అత్తగారు వండినట్టే ఉంది. మిగతాదానికి ఒకటిన్నర. మొదటి రోజు అందరినీ పేరుకు ఒక పండు తగిలించి పరిచయం చేసుకోమన్నారు. మా లెక్కల టీచరు సపోటా అయింది, స్టాఫ్ రూములో ఇప్పటికీ సపోటాయే. బెలూన్లు ఊదించారు, చప్పట్లు కొట్టించారు, ఇరవై ఒకటో శతాబ్దపు నైపుణ్యాల గురించి స్లైడ్లు వేశారు. నర్సరీ టీచరుకూ, ఏడో తరగతి హిందీ పండితుడికీ అవే స్లైడ్లు. పాఠం చెప్పి చూపించమని ఒక్కరినీ లేపలేదు. పద్నాలుగు దేశాల్లో ప్రభుత్వాలు నడిపిన 139 శిక్షణ కార్యక్రమాలను, కచ్చితంగా మదింపు జరిగిన 33 కార్యక్రమాలతో పోల్చిన అధ్యయనం ఒకటి 2022లో ప్రపంచ బ్యాంకు పత్రికలో వచ్చింది. పిల్లల చదువు మెరుగుపడిన చోట కనిపించిన లక్షణాల్లో రెండు, శిక్షణ ఒక సబ్జెక్టు మీద ఉండటం, టీచర్లతో అక్కడే పాఠం చెప్పించడం. మా మూడు రోజుల్లో ఈ రెండూ లేవు.

గంటల లెక్క కూడా వేశాను. భోజనాలు, ఫోటోలు, ముఖ్య అతిథి ప్రసంగం తీసేస్తే మిగిలింది పన్నెండు గంటలు. 2007లో అమెరికాలో 1,300కు పైగా అధ్యయనాలను జల్లెడ పడితే గట్టి ప్రమాణాలకు నిలిచినవి తొమ్మిదే. వాటిలో పద్నాలుగు గంటలకు మించని శిక్షణ పిల్లల చదువులో తేడా తేలేదు. మన జాతీయ విద్యా విధానం 2020 టీచరుకు ఏటా కనీసం 50 గంటలు ఉండాలంటోంది. గంటలు పెంచినంత మాత్రాన బెలూన్లు పాఠం అవుతాయని నేను అనుకోను, అది వేరే సంగతి.

యాప్‌కు ఒక నక్షత్రం. పరీక్ష పెడితే ఏ పిల్లవాడు ఎందులో వెనకబడ్డాడో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో చూపిస్తుంది. టీచర్లు ఆగస్టు దాకా చూశారు, తర్వాత మానేశారు. వాళ్లను తప్పు పట్టను. మన ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇలాంటిది ప్రయోగం చేసి 2010లో ప్రచురించారు. పిల్లల లోపాలు విడమరిచిన నివేదికలు టీచర్లకు ఇచ్చారు. ఎవరైనా వచ్చి చూస్తున్నప్పుడు ఆ టీచర్లు ఎక్కువ చురుగ్గా కనిపించారు గానీ, పిల్లల మార్కులు మాత్రం నివేదికలు అందని బడుల కంటే పెరగలేదు. పసుపు రంగు చూసిన టీచరు మర్నాడు ఉదయం ఏం చేయాలో యాప్ చెప్పదు.

ఇక చివరి బెంచీ. జూలై మొదటి వారంలో ఒక మాస్టారు వచ్చారు. రాజోలు వైపు మనిషి, ప్రభుత్వ బడిలో ముప్పై ఐదేళ్లు చేసి పదవీ విరమణ పొందినవారు. చించినాడ వంతెన మీదుగా బస్సులో వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, మూడో తరగతిలో చివరి బెంచీలో కూర్చున్నారు. బెంచీకి ఒక కాలు ఊగుతుంది. బస్సు టిక్కెట్టు మడిచి దాని కింద పెట్టుకున్నారు.

పాఠం చెబుతున్నది మా ఊరి అమ్మాయే, డి.ఎడ్. చదివి చేరిన రెండో ఏడాది. తీసివేతలు. యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది. ఆమె గొంతు కొంచెం వణికింది, తనిఖీ అనుకుంది. మాస్టారు పీరియడ్ అంతా తల దించుకుని ఏదో గీస్తూనే ఉన్నారు. బెల్లు కొట్టాక నన్ను కూడా కూర్చోమని, కాగితం ఆమె వైపు తిప్పారు. పాత రిజిస్టరు కాగితం వెనక తరగతి పటం. ముప్పై ఒక్క గళ్లు, గడికో పిల్లవాడు. ఆమె ఎవరినైనా ప్రశ్న అడిగినప్పుడల్లా ఆ గడిలో ఒక గీత. మొత్తం ఇరవై రెండు గీతల్లో పదిహేడు నాలుగు గళ్లలోనే ఉన్నాయి, కిటికీ పక్క ముందు వరుసలో. బాగుంది, బాగాలేదు అని ఒక్క మాట ఆయన అనలేదు. ఆ అమ్మాయి కాసేపు చూసి, 'నేను వీళ్లతోనే మాట్లాడుతున్నానండీ' అంది.

'రేపు ఒకే లెక్క ఇచ్చి, అందరినీ ఒకేసారి పలకలు పైకెత్తమనమ్మా' అన్నారాయన. అంతే, బస్సుకు వేళయిందని వెళ్లిపోయారు.

మర్నాడు సాయంత్రం ఆమె నా గదికి వచ్చింది. పదకొండు పలకల మీద 26 అని ఉందట. పద్నాలుగు రావలసిన చోట ఇరవై ఆరు. పదకొండు మంది ఒకే తప్పు ఎలా చేస్తారని ఆమెకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ వెంటనే తట్టలేదు.

తర్వాతి రాకకు మాస్టారు సంచిలో కొబ్బరి ఈనె పుల్లలు తెచ్చారు, పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలు. పిల్లల దగ్గరికి వెళ్లే ముందు ఆ పాఠం తనకు చెప్పమన్నారు. స్టాఫ్ రూములో ఆమె టీచరు, ఆయన మూడో తరగతి పిల్లవాడు. మొండిగా 26 అనే రాశారు.

'ఎందుకలా రాశావు?'

'పెద్దదాంట్లోంచి చిన్నది తీశాను టీచర్. ఎనిమిదిలోంచి రెండు తీస్తే ఆరు.'

ఆ అమ్మాయి నవ్వేసింది, మరుక్షణం ఆగిపోయింది. పిల్లలకు లెక్క రాకపోవడం కాదు, వాళ్లకు ఒక పద్ధతి ఉంది, అది తప్పు పద్ధతి. అప్పుడు ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు బల్ల మీద పెట్టింది. ఎనిమిది తీయమంది. విడిగా ఉన్నవి రెండే, ఎక్కడి నుంచి తీస్తారు? ఒక కట్ట విప్పాల్సిందే. తరగతిలో రబ్బరు బ్యాండు పిల్లల చేతే విప్పించింది. 'అప్పు తెచ్చుకోవడం' అని మనం నోటితో చెప్పే మాట ఆ రోజు వాళ్ల చేతుల్లో జరిగింది. ఆ వారం చివర పలకలు ఎత్తితే తప్పులు నాలుగే. ఇందుకు ఐదు నక్షత్రాలు. ఆరోది ఉంటే అదీ ఇచ్చేదాన్ని.

ఇదంతా ఒక మంచి మనిషి దొరికిన అదృష్టమేనా అన్న అనుమానం నాకూ వచ్చింది. అమెరికా విద్యా పరిశోధకుడు మాథ్యూ క్రాఫ్ట్, మరో ఇద్దరు 2018లో ఇలాంటి కోచింగ్ మీద అరవై అధ్యయనాలను కలిపి చూశారు. టీచరు బోధనలో మార్పు పెద్దదే, పిల్లల మార్కుల్లో అందులో సగం కంటే తక్కువే కనిపించింది గానీ, కనిపించింది. దక్షిణాఫ్రికాలో ఇంకా సూటిగా పోల్చారు. ఒకే పాఠ ప్రణాళికలు, ఒకే పుస్తకాలు ఇచ్చి, కొన్ని బడుల టీచర్లను శిక్షణ కేంద్రానికి పిలిచారు, మరికొన్నింటికి కోచ్‌నే తరగతికి పంపారు. కోచ్ వెళ్లిన బడుల్లో పిల్లల చదవడంలో మెరుగుదల దాదాపు రెట్టింపు. ఈ మాట మాస్టారికి చెబితే ఆశ్చర్యపోలేదు. 1980ల చివర బ్రిటిష్ సాయంతో మన రాష్ట్రంలో నడిచిన ప్రాథమిక విద్యా పథకం, అదే అప్పెప్ రోజుల్లో ఆయన కుర్ర టీచరు. 'శిక్షణలో విన్నది మరిచిపోయాను, టీచర్ సెంటర్లో చుట్టుపక్కల బడుల వాళ్లం కూర్చుని మాట్లాడుకున్నది గుర్తుంది' అన్నారు.

ఈ సేవకు బ్రోచరులో రాయని ఖర్చు ఒకటుంది. తాను చూసిన పాఠం వెంటనే ఆ టీచరుకు లీజర్ పీరియడ్ లేకపోతే రానని మాస్టారు మొదటి రోజే చెప్పేశారు. మా టైమ్ టేబులులో ఎనిమిది పీరియడ్లకు ఏడు పాఠాలు, మిగిలిన ఒక్కటీ సెలవు పెట్టినవాళ్ల తరగతికి పోతుంది. ఆ టైమ్ టేబులు వేసింది నేనే. చివరికి ఆరో తరగతి సాంఘికశాస్త్రం నేను తీసుకుని, తెలుగుకు సగం పూట టీచరును పెట్టుకున్నాను. ఒకే తరగతులకు చెప్పే ఇద్దరికి వారానికి ఒక పీరియడ్ ఒకేసారి ఖాళీ వచ్చేలా మార్చాను. అది చేస్తుంటేనే రిచర్డ్ ఇంగర్‌సాల్ అనే పరిశోధకుడు రాసింది నాకు తగిలింది. అమెరికాలో బడులకు టీచర్లు చాలకపోవడానికి పదవీ విరమణల కంటే, ఉన్నవాళ్లు ముందే వదిలిపోవడం పెద్ద కారణమని ఆయన 2001లో చూపించారు. కొత్తవాళ్లలో తమ సబ్జెక్టు మనిషే తోడున్నవాళ్లు, తోటివాళ్లతో కలిసి పాఠం సిద్ధం చేసుకునే సమయం దొరికినవాళ్లు తక్కువగా వెళ్లిపోయారని 2004 నాటి అధ్యయనం. నేనేమో ప్రతి వేసవి పేపర్లో ప్రకటన వేస్తున్నాను, గండి పూడ్చకుండా కాలువకు నీళ్లు వదిలినట్టు.

మరి వెళ్లడం ఆగిందా? ఈ ఏడాది ఇద్దరు వెళ్లారు, ఇద్దరూ మెగా డీఎస్సీకి. 16,347 పోస్టులు పడితే ఏ బెంచీ ఎవరిని ఆపుతుంది? ఆపాలని కూడా నేను అనుకోను, స్వీట్లు పంచి పంపాను. ఇంకొకరికి పెళ్లి కుదిరింది, విశాఖ వెళ్తోంది. జీతం చాలదని కార్పొరేట్ బడికి పోయినవాళ్లు మాత్రం లేరు. పోయిన ఏడాది అలా వెళ్లినవాళ్లు ముగ్గురు. ఒక్క ఏడాది లెక్కతో ప్యాకేజీ గొప్పతనం అని రాస్తే నేనూ బ్రోచరు రాసినట్టే. పైగా దసరాకు అందరికీ వెయ్యి రూపాయలు పెంచాను, అది ఎంత పని చేసిందో, మాస్టారు ఎంత పని చేశారో విడదీయలేను.

ఇప్పుడు ఫిర్యాదు. జనవరిలో సంస్థ వాళ్లు ఫోను చేసి, ఇకపై మాస్టారికి బదులు వీడియో కాల్‌లో ఒక నిపుణురాలు చూస్తారన్నారు. ఆయనకు పదకొండు బడులు కట్టబెట్టారట, తిరగలేకపోతున్నారు. పైన చెప్పిన క్రాఫ్ట్ అధ్యయనంలోనే ఉంది, వంద మంది టీచర్లను మించిన కార్యక్రమాల్లో ఫలితం బాగా తగ్గిందని. నిరుడు మే నెలలో 'పెద్ద బడులకు' అన్న అబ్బాయే ఇప్పుడు 'టెక్నాలజీ మేడమ్' అన్నాడు. ఫోనుకు చివరి బెంచీలో నలుగురు పిల్లలు ఏం రాస్తున్నారో కనపడదు, మా ఊళ్లో సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. వాదించి వాదించి పన్నెండు వేలు వెనక్కి తెచ్చుకున్నాను. మాస్టారు ఫిబ్రవరిలో రెండుసార్లు తనంతట తాను వచ్చారు, బస్సు ఛార్జీ కూడా తీసుకోలేదు. దానికి సంస్థకు నక్షత్రాలు ఇవ్వలేను.

ఈ మే నెలలో మీ గుమ్మంలోకి కూడా బ్రోచరు వస్తుంది. వర్క్‌షాపు, యాప్ వద్దని, తరగతికి వచ్చే మనిషి మాత్రమే కావాలని అడగండి. విడిగా ఇవ్వం అంటారు, బేరం ఆడండి. ఎవరు వస్తారో పేరుతో సహా కాగితం మీద రాయించుకోండి. ఆయన ఏ తరగతులకు, ఏ సబ్జెక్టు చెప్పారో అడగండి. ఎన్ని బడులు తిరుగుతున్నారో అడగండి. టైమ్ టేబులు ముందే సర్దుకోండి, లేకపోతే ఆ నలభై వేలు కూడా వృథా.

నేను కొత్త ఏడాదికి సంస్థకు డబ్బు కట్టలేదు. నెలకు రెండు శనివారాలు మాస్టారు నేరుగా వస్తానన్నారు. మొన్న మార్చిలో ఐదో తరగతి ముందు నుంచి వెళ్తుంటే, మూడో తరగతి టీచరమ్మాయి తన లీజర్‌లో అక్కడ వెనక కూర్చుని ఉంది. ఒళ్లో పాత రిజిస్టరు కాగితం, గళ్లు, గీతలు. పాఠం చెబుతున్నది సపోటా. బెంచీ కాలు ఇంకా ఊగుతోంది, జూన్ 12లోపు వడ్రంగిని పిలిపించాలి.