ముందు ఫెస్టివలా, యూట్యూబా?

కర్నూలులో పన్నెండు నిమిషాల లవ్ కామెడీ తీశారనుకోండి. ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు పంపాలా, నేరుగా యూట్యూబ్‌లో పెట్టేయాలా?

యూట్యూబ్‌కు పైసా ఖర్చు లేదు. రాత్రి పెడితే తెల్లారేసరికి కామెంట్లు. కొండారెడ్డి బురుజు కనిపిస్తే చాలు, ఊరివాళ్లే షేర్ చేస్తారు. కానీ ఫోన్‌లో చూసేవాడి బొటనవేలు ఎప్పుడూ స్క్రీన్ మీదే. హీరో ఉగ్గాని ప్లేటు పట్టుకుని ప్రేమ మాట ఎలా ఎత్తాలా అని నసుగుతుంటాడు. ఆ అమ్మాయి ఏమీ అనకుండా అతని ప్లేట్లో మిరపకాయ బజ్జీ తీసుకుని తింటుంది. ఆ మౌనమే సీనుకు ప్రాణం. ఫోన్‌లో సరిగ్గా అక్కడే ముందుకు జరిపేస్తారు. అదే ఫెస్టివల్ చీకటి హాల్లో ఒకరు కిసుక్కుమంటే వరుసంతా నవ్వుతుంది.

ఫెస్టివల్స్‌తో తలనొప్పులూ ఉన్నాయి. చాలావాటికి ఎంట్రీ ఫీజు, ఆపైన నెలల తరబడి టెన్షన్. నిడివి రూల్స్ సరేసరి: కాన్ (కేన్స్) ఫెస్టివల్ షార్ట్ ఫిల్మ్ పోటీలో టైటిల్స్‌తో కలిపి 15 నిమిషాలు దాటకూడదు, ఆస్కార్‌కైతే 40. పొట్టి సినిమాలను కలిపి ఒకే షోగా వేస్తారు కాబట్టి, బరువైన కథల మధ్య మన కామెడీ వస్తే జనానికి ప్రాణం లేచొస్తుంది. అవార్డులు మాత్రం ఆ బరువుకే పోతాయని నా అనుమానం!

నా ఓటు ముందు ఫెస్టివల్‌కే. ఆన్‌లైన్‌లో వచ్చేసిన సినిమాను కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు. అక్కడ ఆడాక యూట్యూబ్‌లో పెట్టడానికి అడ్డేముంది? అంతవరకు ఫెస్టివల్స్ వాళ్లకు పాస్‌వర్డ్ ఉన్న లింకు పంపితే చాలు, ఆ పాస్‌వర్డ్ ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో పడకుండా చూసుకోండి.