టూ స్ట్రోక్ బ్లాకు బోరింగ్‌కు ఇచ్చేవాళ్లు జాగ్రత్త: పిస్టన్ చూడకుండా బోరు కొట్టేస్తున్నారు

వరంగల్, హనుమకొండ, కాజీపేట వైపు ఎవరైనా పాత టూ స్ట్రోక్ బండి ఇంజిన్ చేయించే ఆలోచనలో ఉంటే, ముఖ్యంగా యమహా ఆర్‌ఎక్స్ 100ను మట్టి రోడ్లకు డర్ట్ బైకులా మార్చుకునే తమ్ముళ్లు, ఇది చదివాకే బ్లాకు (పిస్టన్ ఆడే సిలిండర్) విప్పించండి. షాపు పేరు రాయను. ఆ ఒక్క షాపుకు పోకుండా ఉంటే సరిపోతుంది అనుకుంటారు, కానీ ఈ పద్ధతి ఎక్కడైనా ఎదురుకావచ్చు.

ఆర్‌ఎక్స్ 100 మన దగ్గర 1985 నుంచి 1996 దాకా తయారైంది. కాబట్టి ఇప్పుడు నడుస్తున్న బ్లాకుల్లో చాలావరకు ఏదో ఒక టైంలో బోరు చూసినవే, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడను కోసి కాస్త పెద్దది చేయించినవే. నాది కూడా అరిగిపోయి పొద్దున కిక్కు మీద కిక్కు కొట్టించేది, ఎత్తు వస్తే గుంజేది కాదు, పిస్టన్ టకటక చప్పుడు సందు చివరిదాకా వినబడేది. షాపాయన చూసి, "బోరు కొట్టి, హోనింగ్ చేసి, కొత్త కిట్ వేసి కొత్త బండి లెక్క ఇస్త తమ్మీ, టెన్షన్ తీసుకోకు" అన్నాడు. హోనింగ్ అంటే కోసిన గోడను రాయితో సన్నగా రుద్దడం, కిట్ అంటే పిస్టన్, దాని రింగులు. కొన్నాళ్లకు ఫోన్ చేస్తే బోరు అయిపోయింది, పిస్టన్ మాత్రం హైదరాబాద్ నుంచి రావాలి అన్నాడు.

అసలు తిరకాసు అక్కడే ఉంది. ఈ బండి బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) ఒరిజినల్‌గా 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కూడా 50. అరిగాక వేసే పిస్టన్లు పావు మిల్లీమీటరు చొప్పున పెద్దవవుతూ వస్తాయి, మెకానిక్కులు 25, 50, 75, 100 సైజు అనేవి అవే. 50 సైజు (అంటే అర మిల్లీమీటరు పెద్దది) అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన రెండు కంపెనీల పిస్టన్లు కచ్చితంగా ఒకే కొలతలో ఉండవు. పిస్టన్‌కు, బోరుకు మధ్య ఉండాల్సిన సందేమో ఇలాంటి చిన్న ఎయిర్ కూల్డ్ ఇంజిన్లో సుమారు 0.04 మిల్లీమీటర్లు, అంటే వెంట్రుక మందం కూడా ఉండదు. అందుకే ముందు పిస్టన్ తెచ్చి, మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ కొలతకు సందు కలిపి బోరు కొట్టాలి. ముందే కొట్టేసి తర్వాత దొరికిన పిస్టన్ దూర్చితే అది టైట్ అయినా అవుతుంది, లూజ్ అయినా అవుతుంది.

నాకు టైట్ అయింది. బండి తీసుకుని ములుగు రోడ్డు ఎక్కితే ఆత్మకూరు రాకముందే, స్పీడు 40 కూడా లేదు, పిస్టన్ బోరులో ఇరుక్కుని వెనక చక్రం టక్కున పట్టేసింది. క్లచ్ మీద వేళ్లు ఉన్నాయి కాబట్టి పడలేదు, వెనకాల లారీ లేదు కాబట్టి ఇది రాస్తున్నా. తిరిగి తీసుకెళ్తే, "టూటీ ఆయిల్ తక్కువ పోసినవ్ తమ్మీ, మా పనిల తప్పు లేదు" అన్నాడు.

టూటీ అంటే పెట్రోల్‌తో కలిసి కాలే టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్. ఈ మాట మీకూ చెప్తారు, అందుకే పిస్టన్ బయటికి తీయించి కళ్లతో చూడండి. ఆయిల్ తక్కువైనా, గాలిలో కలిసే పెట్రోల్ తగ్గి మిక్చర్ పల్చబడినా గీతలు ఎక్కువగా సైలెన్సర్ వైపు, ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికి పోయే రంధ్రం) ఉన్న వైపు పడతాయి, వేడి అటే ఎక్కువ కాబట్టి. నా పిస్టన్ మీద గజన్ పిన్‌కు (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్ను) అటు రెండు, ఇటు రెండు, నాలుగు మూలల్లో నిలువుగా ఒరుసుకుపోయిన మచ్చలు ఉన్నాయి. పిస్టన్ అల్యూమినియం, బోరు లోపలి స్లీవ్ (గొట్టం) పోత ఇనుము, వేడికి అల్యూమినియం ఎక్కువ ఉబ్బుతుంది, సందు చాలకపోతే ముందు పట్టేది ఆ నాలుగు మూలలే. వేరే పెద్ద మెకానిక్ ఇది చూడగానే ఆయిల్ సంగతి అడగనే లేదు.

ఇంకా ఘోరం ఏంటంటే పిస్టన్ తల మీద సైజు గుద్ది ఉండాల్సిన చోట ఎమరీ పేపర్‌తో రుద్దేసి ఉంది. అది కొత్త పిస్టనో, ఎవరి బండిలోంచి తీసిందో దేవుడికి తెలియాలి. బోరులో హోనింగ్ గీతలు ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకుంటూ కనబడాలి, నా దాంట్లో అన్నీ గుండ్రంగా తిరిగిన గీతలే. పోర్టు అంచు మీద వేలు పెడితే బ్లేడులా తగిలింది. బోరు కొట్టాక ఆ అంచుల్ని సన్నగా చెక్కి నున్నగా చేయాలి, లేకపోతే రింగు అక్కడ తట్టుకుంటుంది. నా పై రింగు కొస అప్పటికే విరిగి ఉంది. తెల్ల గుడ్డకు ఆయిల్ రాసి బోరు లోపల తుడిస్తే నల్లగా వచ్చింది, అంటే కోసినప్పుడు వచ్చిన ఇనుప పొడి కడగను కూడా లేదు.

బయటి దేశం డర్ట్ బైకులు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. వాటిలో చాలా బ్లాకులకు ఇనుప స్లీవ్ ఉండదు, అల్యూమినియం మీదే నికాసిల్ లాంటి గట్టి పూత ఉంటుంది. అయస్కాంతం లోపల గట్టిగా అంటుకోకపోతే అనుమానించండి. దాన్ని ఆర్‌ఎక్స్ లాగా లేత్ మీద బోరు కొడితే పూత పోతుంది, మళ్లీ పూత వేయించాలి లేదా స్లీవ్ దింపించాలి.

బ్లాకు ఇచ్చే ముందు పోతలో ఉన్న అక్షరాలు కనబడేలా ఫోటో తీసుకోండి, ఒరిజినల్ బ్లాకులకు ఇప్పుడున్న గిరాకీ మీకు తెలిసిందే. బోరును పైన, మధ్యలో, కింద, రెండేసి దిక్కుల్లో బోర్ గేజ్‌తో కొలిచి, పిస్టన్ కొలతతో సహా బిల్లు మీద రాయించుకోండి. నా బిల్లు మీద "బ్లాక్ వర్క్" అని ఉంది, అంతే, దాంతో ఎవరితో ఏం వాదిస్తాం? అయినా పాత పిస్టన్, ఫోటోలు దాచిపెట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను. దాంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తా, మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు కూడా లేదు.

వరంగల్‌లో కొలతలు మన ముందే తీసి చీటీ రాసిచ్చే బోరింగ్ షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి అన్నా. నా దోస్తు సుజుకీ షోగన్ బండి బ్లాకు కూడా అరిగి కూర్చుంది, వాడిని నేనే ఆపి పెట్టాను.