సియాజ్: వెనుక కూర్చుని చూడాల్సిన కారు

మారుతి సియాజ్‌ను డ్రైవర్ సీటులో కూర్చుని బేరీజు వేస్తే పెద్దగా నచ్చకపోవచ్చు. దాని విలువ వెనుక సీటులో ఉంది. మాది 2018లో 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ వచ్చాక కొన్న ఆల్ఫా (అన్నిటికంటే పై వేరియంట్) మాన్యువల్. మోకాళ్ల నొప్పులున్న అమ్మను, ఆరడుగుల నాన్నను దృష్టిలో పెట్టుకుని కొన్నాం కాబట్టి సన్‌రూఫ్ లేదన్న బాధ ఎవరికీ లేదు.

ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2650 మిల్లీమీటర్లు. ముందు సీటును ఎంత వెనక్కి జరిపినా నాన్న మోకాళ్లు తగలవు. అమ్మకు ఇష్టమైనది మాత్రం వెనుక అద్దానికున్న తెర. మధ్యాహ్నం భోంచేసి హైదరాబాద్ నుంచి విజయవాడ బయలుదేరితే, పంతంగి టోల్ దాటేసరికి ఎండ వీపు మీదికొస్తుంది. తెర పైకి లాగి, వెనుక ఏసీ గాలిని తనవైపు తిప్పుకుందంటే సూర్యాపేట దాకా ఆమె నిద్ర లేవదు.

డిక్కీ 510 లీటర్లు. బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, మామిడిపండ్ల పెట్టె సర్దాక కూడా సూట్‌కేసులకు చోటుంటుంది. వెనుక సీటు మడవడానికి రాదు, కాబట్టి పొడవాటి సామాను మాట మరిచిపోవాలి.

105 పీఎస్ ఇంజిన్ నగరంలో వెన్నలా నడుస్తుంది. కానీ 138 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే బండిని లాగే బలం, పూర్తిగా అందేది ఇంజిన్ నిమిషానికి 4400 చుట్లు తిరిగినప్పుడే. ఐదుగురితో, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు గేరు మీది చేతికి విశ్రాంతి ఉండదు. టర్బో ఇంజిన్ల జోరు రుచి మరిగినవారు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా చూసుకోవడం మేలు. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో ఆ రెండింటికీ 5 స్టార్లు వచ్చాయి. సియాజ్‌లో ఉన్నవి 2 ఎయిర్‌బ్యాగులే. భద్రతే మొదటి ప్రశ్న అనుకునేవారు దీన్ని వదిలేయడానికి ఇదొక్కటి చాలు.

ఇంజిన్‌కు చిన్న బ్యాటరీ సాయపడే హైబ్రిడ్ ఏర్పాటు ఇందులో ఉంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగి, క్లచ్ నొక్కగానే మళ్లీ అందుకుంటుంది. కొత్తలో నాన్న ప్రతిసారీ "బండి ఆగిపోయిందిరా" అని కంగారుపడేవారు. మే నెలలో నేనే బటన్ నొక్కి ఆ సదుపాయం ఆపేస్తాను, ఇంజిన్‌తో పాటు ఏసీ కంప్రెసర్ కూడా ఆగుతుంది మరి. హైవే మీద నిదానంగా వెళితే మైలేజీ 20 అందుకుంటుంది, నగరంలో 13 వస్తే సంతోషించాలి.

2025లో సియాజ్ అమ్మకాలు నిలిపేశారు. చివర్లో ఎక్స్‌షోరూమ్ ధర సుమారు 9.4 లక్షల నుంచి 12.3 లక్షల రూపాయల మధ్య ఉండేది. ఇప్పుడు పాత బండే దిక్కు కాబట్టి 2018 తర్వాతి పెట్రోల్ మాన్యువల్ వెతకండి. ఆటోమేటిక్‌లో ఉన్నవి 4 గేర్లే. బేరానికి ముందు క్లచ్‌నూ, హైబ్రిడ్ లిథియం బ్యాటరీనీ నమ్మకమైన మెకానిక్‌కు చూపించండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే టెస్ట్ డ్రైవ్‌కు వాళ్లనూ తీసుకెళ్లండి.