కాలేజీ గేటు పక్కనా, లోయ అంచునా: కొండ ఊళ్ళో ఎక్కడ తినాలి?

కొండ మీది కాలేజీ ఊరికి వెళ్ళినవారి ముందు సాధారణంగా రెండు దారులుంటాయి: విద్యార్థులతో కిటకిటలాడే గేటు పక్క భోజనశాలలు, లోయ కనిపించేలా అంచున కట్టిన రెస్టారెంట్లు. నా ఓటు మొదటివాటికే.

కారణం వంటింట్లో ఉంది. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీరు తక్కువ వేడికే మరుగుతుంది. సముద్రమట్టంలో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే నీరు 2,000 మీటర్ల ఎత్తున సుమారు 93 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే పప్పులు, గింజలు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కర్ ఉంటేనే పని తొందరగా అవుతుంది. రోజూ పెద్ద సంఖ్యలో పిల్లలకు వండేవారికి ఈ లెక్క చేతికి అలవాటై ఉంటుంది. వండింది వండినట్టే ఖర్చవుతుంది కాబట్టి పళ్ళెంలోకి వేడివేడిగా వస్తుంది. రుచి తప్పితే రోజూ వచ్చే విద్యార్థి మర్నాడే పక్క దుకాణానికి వెళ్ళిపోతాడు. ఆ భయం మంచిదే! అంచు మీది రెస్టారెంటుకు వచ్చేవారిలో ఎక్కువమంది మళ్ళీ రారు.

అయితే కాలేజీ సెలవుల్లో గేటు పక్క చాలా పొయ్యిలు వెలగవు. నడవలేని పెద్దవారు వెంట ఉన్నా, నిదానంగా కూర్చుని మాట్లాడుకోవాలన్నా అంచు మీది చోటే నయం. అక్కడికి సాయంత్రం, చీకటి పడకముందే వెళ్ళండి. వేడి పానీయం ఒకటి తీసుకుని లోయను తనివితీరా చూడండి. భోజనానికి మాత్రం గేటు దగ్గరికే రండి.