దవడ కీలు నొప్పికి వ్యాయామం: రెండున్నరేళ్లు చేశాక నా సమీక్ష

2023 సంక్రాంతికి అత్తయ్య చేసిన సకినం ఒకటి గట్టిగా కొరికాను. కుడి చెవి ముందు కలుక్కుమంది. మర్నాడు పొద్దున బ్రష్ నోట్లోకి దూరలేదు. ఒక వేలు పట్టడమే కష్టమైంది. మామూలుగా మన మూడు వేళ్లు ఒకదానిపై ఒకటి నిలువుగా పేర్చి ముందు పళ్ల మధ్య పెడితే పట్టాలి. కొలిస్తే 40 మిల్లీమీటర్లు, ఆపైన. ఫిజియోథెరపిస్ట్ తొలిరోజు స్కేలు పెట్టి కొలిస్తే నాకు 23 వచ్చింది.

అక్కడిదాకా చేరడానికే రెండు నెలలు పట్టింది. నొప్పి చెవిలో ఉన్నట్టే అనిపించడంతో ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. చెవి శుభ్రంగా ఉందన్నారు. తర్వాత ఒక పళ్ల క్లినిక్‌లో, పై పళ్లూ కింది పళ్లూ సరిగా కలవడం లేదు, కొన్ని పళ్లు అరగదీసి క్యాపులు వేయాలి, ఎనభై వేలవుతుంది అన్నారు. భయపడి అడ్వాన్స్ కట్టబోయాను. మా ఆయన ఆపారు. ఆ రోజు ఆపినందుకు ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను. అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు. దవడ కీలు నొప్పికి అలా వెనక్కి తీసుకోలేని చికిత్సతో మొదలుపెట్టకూడదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. మూడో చోట దవడల సర్జన్ ఎక్స్‌రే తీయించి, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు.

ఆ మేడమ్ చెప్పాకే అసలు సంగతి అర్థమైంది. నోరు కొంచెం తెరిచినప్పుడు దవడ ఎముక తల ఉన్నచోటే తిరుగుతుంది. ఇంకా తెరిస్తే ముందుకు జారుతుంది. ఆ ఎముకకీ పుర్రెలోని గుంటకీ మధ్య చిన్న దిండులాంటి డిస్క్ ఉంటుంది. అది ముందుకు తప్పుకుని, నోరు తెరిచినప్పుడు మళ్లీ తన చోటికి ఎక్కితే టక్కుమంటుంది. నాకు నాలుగేళ్లుగా ఆ చప్పుడు ఉండేది. సకినం తిన్న రోజు నుంచి ఆగిపోయింది. అది మంచిదే అనుకున్నాను. నిజానికి డిస్క్ వెనక్కి రావడం మానేసి ఎముకకు అడ్డం పడింది. అందుకే చప్పుడూ లేదు, నోరూ తెరుచుకోవడం లేదు. అద్దంలో చూసుకుంటే గడ్డం కుడివైపుకే వంగుతోంది.

వారానికి రెండుసార్లు చొప్పున ఎనిమిది వారాలు వెళ్లాను. సిట్టింగ్‌కు 600 రూపాయలు. గ్లవ్స్ వేసుకుని బొటనవేలు నా కింది దవడ పళ్ల మీద పెట్టి, మెల్లగా కిందికి నొక్కి, కాస్త ముందుకు లాగి పట్టుకునేవారు. బుగ్గ లోపలి నుంచి నమిలే కండరాన్ని నొక్కేటప్పుడు కళ్లలో నీళ్లు తిరిగేవి. దిగి బయటికి వచ్చాక కణత తేలికయ్యేది. నొప్పి తగ్గడానికని అల్ట్రాసౌండ్ తరంగాల చికిత్స (స్కాన్ కాదు) కూడా నాలుగుసార్లు పెట్టారు. దానివల్ల నాకు నిలబడిన లాభం కనిపించలేదు.

ఇంట్లో చేసేవి చూడ్డానికి ఏమీ కావు. పదిహేను నిమిషాలు తడి తువ్వాలుతో వేడి కాపడం. తర్వాత నాలుక కొస అంగిలికి ఆనించి, అది ఊడకుండా ఎంత తెరవగలిగితే అంతే తెరవడం. గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి, దవడ కదలకుండా తేలిగ్గా తెరవబోవడం. పక్కలకీ అలాగే. చివర్లో మెడ నిటారుగా పెట్టి గడ్డం లోపలికి లాక్కోవడం. ఒక్కోటి ఆరుసార్లు, రోజుకి ఆరు విడతలు. ఈ ఆరు లెక్క చిలీ దేశపు ఫిజియోథెరపిస్ట్ మరియానో రొకబాడో పెట్టిన పద్ధతి నుంచి వచ్చింది. గట్టిగా ఒకసారి చేస్తే సరిపోదా అని అడిగాను. "ఇది జిమ్ కాదమ్మా, దవడకి కొత్త అలవాటు నేర్పడం" అన్నారు మేడమ్.

ఆ అలవాటే నాకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. పెదవులు మూసి, పళ్లు విడిగా, 'ల' అన్నప్పుడు నాలుక కొస ఎక్కడ తగులుతుందో అక్కడ పెట్టి ఉంచాలి. తినేటప్పుడు తప్ప పై పళ్లు, కింది పళ్లు తగలకూడదు. నేను అకౌంట్స్ పని చేస్తాను. నెలాఖరు టెన్షన్‌లో రోజంతా పళ్లు బిగించే ఉంటానని తెలిసి నిర్ఘాంతపోయాను. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేదాకా, ప్రతి స్టేషన్ పేరు చెప్పినప్పుడల్లా పళ్లు తగులుతున్నాయా అని చూసుకునేదాన్ని. మొదట్లో తార్నాక వచ్చేసరికే బిగుసుకునేవి. పళ్లు విడిగా ఉంచే అలవాటు ఏడాదికి గానీ దానంతట అది రాలేదు.

లాభం వెంటనే కనిపించదు. మూడు వారాల్లో 28 వచ్చింది. ఆపైన ఐదు వారాలు అక్కడే ఆగిపోయింది. ఆ రోజుల్లో నిరాశపడి, దవడ బలపడుతుందని ఆన్‌లైన్‌లో అమ్మే సిలికాన్ ముక్క కొని రోజూ నమిలాను. పదిరోజుల్లో 25కి పడిపోయింది. నా కండరం బలహీనంగా లేదు, మితిమీరి పనిచేసి అలిసిపోయి ఉంది. దానికి మళ్లీ నమిలే పని పెట్టడం పెద్ద పొరపాటు. దయచేసి అది కొనకండి. దాన్ని పారేసి మళ్లీ పాత దారి పట్టాక ఆరో నెలకి 38 అయింది.

రాత్రి పళ్లు నూరతానని, పడుకునేటప్పుడు పళ్లకి తొడుక్కునే గట్టి తొడుగు, నైట్ గార్డ్ కూడా చేయించుకున్నాను. పళ్లు అరగకుండా కాపాడుతోంది, పొద్దున కణత బరువు కొంచెం తగ్గింది. నోరు తెరుచుకోవడంలో మాత్రం తేడా రాలేదు. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీర్ఘకాలిక దవడ నొప్పి మీద వచ్చిన మార్గదర్శకాలు చదివితే ధైర్యం వచ్చింది. పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలు, చేతితో చేసే చికిత్స, ఆలోచనల తీరు మార్చే కౌన్సెలింగ్ లాంటివి ముందువరుసలో ఉన్నాయి. నైట్ గార్డ్ లాంటి స్ప్లింట్లు ఆ వరుసలో లేవు.

తిండి దగ్గర మొదట కష్టపడ్డాను. చెరకు, వక్కపొడి, జంతికలు మానేశాను. మటన్ ముక్కలు పక్కన పెట్టాను. రంజాన్ నెలలో హలీం మాత్రం నమలాల్సిన పని లేకుండా హాయిగా దిగింది. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకోవచ్చు. జొన్నరొట్టె పప్పులో నానబెట్టుకుంటాను.

2024లో ఒకసారి వెనక్కి జారాను. రూట్ కెనాల్ కోసం గంటన్నర నోరు తెరిచి కూర్చుంటే మళ్లీ బిగుసుకుంది. ఆ తర్వాతి సిట్టింగ్‌కి ముందే చెప్పి, పళ్ల మధ్య రబ్బరు దిమ్మ పెట్టించుకుని, పది నిమిషాలకోసారి ఆపించుకున్నాను. ఇబ్బంది రాలేదు. మీకూ ఈ బాధ ఉంటే పళ్ల డాక్టర్‌కి ఈ మాట చెప్పడానికి మొహమాటపడకండి.

వీటిని ఎవరైనా సొంతంగా మొదలుపెట్టొచ్చా అంటే, ముందొకసారి చూపించుకోండి. వాపు, జ్వరం, ముఖం మొద్దుబారడం ఉంటే ఇది వ్యాయామంతో పోయేది కాదు. నడిచినా మెట్లెక్కినా దవడ లాగి, ఛాతీ బరువెక్కితే అది గుండె సంగతి కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు నాకు 41 వస్తోంది. టక్కుమనే చప్పుడు తిరిగి వచ్చింది. నొప్పి లేకుండా చప్పుడు ఒక్కటే ఉంటే దాని వెంట పడక్కర్లేదని మేడమ్ అన్నారు, నేనూ వదిలేశాను. రోజుకి ఆరు విడతలు పోయి రెండు మిగిలాయి. ఆవలింత వచ్చినప్పుడు నాలుక అంగిలికి ఆనించి పట్టడం మాత్రం ఒక్కసారి కూడా మానలేదు. డిసెంబరు, జనవరి చలికి పొద్దున్నే దవడ ఇంకా పట్టేస్తుంది. ఆ రెండు నెలలూ బ్రష్ చేసుకునే ముందు వేడి తువ్వాలు పెట్టుకుంటున్నాను.